పుస్తకంలో ఎలుక, సినిమాలో పిల్లాడు: పిల్లల నవల తెరకెక్కేటప్పుడు ఏం మారుతుంది, ఎందుకు మారుతుంది

ఒంగోలు నుంచి మా అక్క పిల్లలు ఎండాకాలం సెలవలకి నెల్లూరు వచ్చిన మూడోరోజే జుట్లు పట్టుకున్నారు. తగువు ఒక ఎలుక గురించి. పెద్దది ఎనిమిదో తరగతి. బడి లైబ్రరీలో తెచ్చుకున్న ‘ది విచెస్’ అనే ఇంగ్లీషు నవల రైల్లో మొదలుపెట్టి మా ఇంట్లో పూర్తిచేసింది. చిన్నోడు ఐదో తరగతి. అదే పేరున్న సినిమాని వాళ్ళ అమ్మమ్మ ఫోన్లో చూశాడు. మంత్రగత్తెలు ఎలుకగా మార్చేసిన పిల్లాడు చివరికి మళ్ళీ మనిషైపోతాడని వీడు, చచ్చినా కాడని అది. “మామా, నువ్వు చెప్పు ఎవురిది కరెక్టో” అని ఇద్దరూ నా మీద పడ్డారు.

ఇద్దరిదీ కరెక్టేనన్నాను. ఆ జవాబు ఇద్దరికీ నచ్చలేదు. “కథ ఒకటే అయినప్పుడు అట్టా ఎట్టా మారుస్తారు?” అంది పెద్దది.

ఆ ప్రశ్న మా ఇంటికే పరిమితం కాదు. హ్యారీ పాటర్ నవలలతో ఎనిమిది సినిమాలు వచ్చేశాక, వాటినే మళ్ళీ మొదట్నుంచీ టీవీ సిరీస్‌గా తీస్తామని 2023లో ప్రకటించారు. అప్పట్నుంచీ ఆ పుస్తకాలు చదివిన పిల్లలందరిదీ ఒకటే ఆశ: ఈసారైనా ఉన్నది ఉన్నట్టు తీస్తారని. చిక్కంతా ఆ ‘ఉన్నది ఉన్నట్టు’ అనే మాటలోనే ఉంది.

ఒక నవల, రెండు సినిమాలు

ముగింపు చెప్పకుండా ఈ సంగతి వివరించడం కుదరదు కాబట్టి చెప్పేస్తున్నాను. ‘ది విచెస్’ నవల 1983లో వచ్చింది. రాసింది రోఆల్డ్ డాల్. అమ్మానాన్నలు కారు ప్రమాదంలో పోయిన ఒక పిల్లాడు, చుట్టలు కాల్చే వాళ్ళ నార్వే అవ్వ, మామూలు ఆడవాళ్ళలాగే తిరుగుతూ పిల్లల్ని మాయం చేసే మంత్రగత్తెలు. సముద్రపొడ్డున ఒక హోటల్లో మంత్రగత్తెలంతా సమావేశమవుతారు. పిల్లల్ని ఎలుకలుగా మార్చే మందు తయారైందని వాళ్ళ నాయకురాలు ప్రకటిస్తుంది. అక్కడ దాక్కున్న మన పిల్లాడు దొరికిపోయి ఎలుకైపోతాడు. తర్వాత వాడూ అవ్వా కలిసి ఆ మందునే మంత్రగత్తెల భోజనంలో కలిపేస్తారు.

నవలలో పిల్లాడు మళ్ళీ మనిషి కాడు. చివర్లో అవ్వని అడుగుతాడు, ఎలుకలు ఎన్నాళ్ళు బతుకుతాయని. నువ్వు ఉత్త ఎలుకవి కాదు, సగం మనిషివి, తొమ్మిదేళ్ళ దాకా బతకొచ్చంటుంది అవ్వ. ఆమెకి ఎనభై ఆరు. వాడు లెక్క వేసుకుని సంతోషిస్తాడు: అవ్వ పోయాక తను మిగిలిపోవాల్సిన పనిలేదు, ఇద్దరం ఒకేసారి పోతాం అని.

1990లో నికొలస్ రోగ్ తీసిన మొదటి సినిమాలో ఈ ముగింపు లేదు. మంచి మనసున్న ఒక మంత్రగత్తెని కొత్తగా పుట్టించి, ఆమె చేత పిల్లాణ్ణి తిరిగి మనిషిని చేయించారు. మా చిన్నోడు చూసింది ఇదే. అప్పటికి బతికే ఉన్న డాల్‌కి ఈ మార్పు అస్సలు మింగుడుపడలేదు. అదే ఏడాది చివర్లో ఆయన చనిపోయాడు. 2020లో రాబర్ట్ జెమెకిస్ మళ్ళీ తీశాడు. ఈయన కథని ఇంగ్లండు నుంచి 1960లనాటి అమెరికాకి, అలబామాకి తీసుకుపోయాడు. అవ్వనీ మనవణ్ణీ నల్లజాతి కుటుంబంగా మార్చాడు. ముగింపు మాత్రం నవలదే ఉంచాడు: పిల్లాడు ఎలుకగానే మిగిలాడు.

ఇప్పుడు చెప్పండి, ఈ రెండిట్లో ఏది ‘ఉన్నది ఉన్నట్టు’? మొదటిది హోటలునీ దేశాన్నీ మనుషుల్నీ అట్టే ఉంచి చివర తిప్పేసింది. రెండోది అన్నీ తిప్పేసి చివర ఉంచింది.

హక్కులు కొనడమంటే ఏం కొన్నట్టు?

ఒక నవలని సినిమాగా మలచడాన్ని అనుసరణ అంటారు. సినిమా టైటిల్స్‌లో ‘ఆధారంగా’ అని వేస్తే రచయిత దగ్గర హక్కులు తీసుకున్నారని మామూలుగా అర్థం. ‘స్ఫూర్తితో’ అని వేస్తే ఆలోచన అక్కడిది, మిగతాదంతా మాదని చెప్పుకోవడం. ఈ రెండో మాట చాటున ఎన్ని కథలు చేతులు మారాయో మన సినిమాలు చూసేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

ఒక లెక్క అనుకుందాం. కావలిలో ఒకాయన పిల్లల నవల రాశాడు. హైదరాబాదు నిర్మాత ఒకరికి నచ్చింది. వెంటనే మొత్తం హక్కులు కొనడు. యాభై వేలిచ్చి, ఏడాదిన్నర పాటు ఇంకెవరికీ అమ్మొద్దంటాడు. స్థలానికి బయానా ఇచ్చినట్టే. దీన్ని ఆప్షన్ అంటారు. ఆ గడువులో డబ్బు పెట్టేవాళ్ళు, నటులు దొరికితే అసలు ఒప్పందం. దొరక్కపోతే బయానా రచయితది, నవల మళ్ళీ రచయితది. పుస్తకం సినిమాగా వస్తుందని వార్తలు రావడం, ఆ తర్వాత ఏళ్ళ తరబడి చప్పుడు లేకపోవడం వెనక తరచుగా ఉండేది ఈ గడువు దాటిపోవడమే.

అసలు ఒప్పందం కుదిరాక కథ మార్చే హక్కు కూడా సాధారణంగా నిర్మాతకే పోతుంది. రచయిత ముందే గట్టిగా రాయించుకుంటే తప్ప ముగింపు మీద ఆయన మాట చెల్లదు. మన దేశంలో మాత్రం 1957 కాపీరైటు చట్టంలోని 57వ సెక్షన్ ఒక గొళ్ళెం పెట్టింది. హక్కులు అమ్మేసినా సరే, తన పరువుకి భంగం కలిగేలా రచనని వికృతం చేస్తే రచయిత కోర్టుకి పోవచ్చు. మన్నూ భండారీ అనే హిందీ రచయిత్రి అట్టాగే పోయింది. ‘ఆప్ కా బంటీ’ అని, విడిపోయిన తల్లిదండ్రుల మధ్య నలిగిపోయే పిల్లాడి మీద ఆమె రాసిన నవలని సినిమా తీశారు. 1986లో ఢిల్లీ హైకోర్టు చెప్పినదాని సారాంశం: మాధ్యమం మారేటప్పుడు మార్పులు తప్పవు, కానీ నవల రూపురేఖలే గుర్తుపట్టలేనంతగా చెడగొట్టకూడదు. ఆ గీత ఎక్కడ పడుతుందో ఒక్కో నవలకీ విడిగా తేల్చుకోవాల్సిందే.

హక్కులకి ఆయుష్షు కూడా ఉంది. మన చట్టం ప్రకారం రచయిత పోయిన తర్వాత అరవై ఏళ్ళు. డాల్ పోయింది 1990లో, అంటే 2050 దాకా అడక్కుండా ముట్టుకోవడానికి లేదు. ఆ హక్కులు చూసే సంస్థని 2021లో నెట్‌ఫ్లిక్స్ కొనేసింది. ‘ఓజ్’ మాంత్రికుడి నవల రాసిన ఎల్. ఫ్రాంక్ బామ్ 1919లో పోయాడు కాబట్టి ఆ కథ ఎవరైనా తీసుకోవచ్చు.

పేజీలూ నిమిషాలూ

‘పుస్తకంలో ఉన్న ఫలానా సీను పీకేశారు’ అనే ఫిర్యాదు సగం లెక్కల సమస్య. స్క్రీన్‌ప్లేలో పేజీకి ఒక నిమిషం అని సినిమావాళ్ళు ఉజ్జాయింపుగా చెబుతారు. నవల పేజీకి అట్టాంటి నియమం ఏదీ లేదు.

హ్యారీ పాటర్ రెండో నవల బ్రిటిష్ ముద్రణలో 251 పేజీలు. దాని సినిమా 2002లో, 161 నిమిషాలు. నిమిషానికి సుమారు పేజీన్నర. ఐదో నవల 766 పేజీలు, ఏడింటిలోకీ పొడుగైంది. దాని సినిమా 2007లో, 138 నిమిషాలే. నిమిషానికి ఐదున్నర పేజీలు! పుస్తకం మూడింతలైతే సినిమా తగ్గింది. ఆ నవలలో చీపుర్లెక్కి ఆడే క్విడిచ్ ఆట ఉంది, హ్యారీ స్నేహితుడు రాన్ జట్టులోకి ఎంపికయ్యే ముచ్చట ఉంది, మాంత్రికుల ఆసుపత్రి ఉంది. సినిమాలో ఇవేవీ లేవు. తీసేయడం తప్ప దారి లేదు.

రెండో కొస చూడండి. టోల్కీన్ రాసిన ‘ది హాబిట్’ అనే పిల్లల నవల 1937 నాటి మొదటి ముద్రణ 310 పేజీలు. దాన్ని 2012 నుంచి 2014 దాకా మూడు సినిమాలుగా తీశారు, మొత్తం 474 నిమిషాలు. నిమిషానికి ముప్పాతిక పేజీ కూడా రాదు. మిగిలిన నిడివిని దేంతో నింపాలి? నవలలో లేని టారియెల్ అనే యోధురాలు వచ్చింది. అదే రచయిత ఇంకో నవలలో తప్ప ఈ నవలలో లేని లెగొలస్ వచ్చాడు. కొందరికి అది విందు. పల్చటి చారులో నీళ్ళు పోశారని ఇంకొందరు తిట్టారు. నేను రెండో పంక్తిలో కూర్చున్నాను, మూడో భాగంలో కునుకు తీశాను కూడా.

కొన్నిసార్లు సగానికే కోస్తారు. మైకేల్ ఎండే 1979లో జర్మన్‌లో రాసిన ‘ముగియని కథ’ని 1984లో సినిమా తీసినప్పుడు నవలలో దాదాపు మొదటి సగమే తీసుకున్నారు. ఆ సగంలో బాస్టియన్ అనే పిల్లాడు తన ఊహతో ఒక లోకాన్ని కాపాడతాడు. తీసుకోని సగంలో అదే పిల్లాడు అదే లోకంలో కోరికలు కోరుకుంటూ పోయి, ఒక్కో కోరికకీ తన జ్ఞాపకాల్లో ఒకటి పోగొట్టుకుంటూ, చివరికి తన పేరు కూడా మర్చిపోతాడు. మొదటి సగం చూస్తే ఊహాశక్తిని మెచ్చుకునే కథ. మొత్తం చదివితే ఊహకి చెల్లించాల్సిన మూల్యం గురించిన కథ. ఎండే సినిమావాళ్ళ మీద కోర్టుకెక్కి ఓడిపోయాడు. పేజీల కోత కాస్తా అర్థం కోతగా మారేది ఇట్టాంటి చోటే.

బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగ చూసిన మా ఊరి పిల్లలకి ఈ మూల్యం సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. స్వర్ణాల చెరువులో నిలబడి ఎవరి చేతుల్లోంచో కోరిక రొట్టె పుచ్చుకుంటాం. కోరిక తీరితే మరుసటేడు మనమే రొట్టె తెచ్చి ఇంకొకరి చేతిలో పెట్టాలి. తీసుకోవడంతో పని అయిపోదు.

చదివినప్పుడు కనపడనిది, చూసినప్పుడు దాగనిది

ఇంకో రకం మార్పు నిడివితో సంబంధం లేనిది. అక్షరం కొంచెం చెప్పి ఊరుకుంటుంది, కెమెరా ఊరుకోలేదు. ‘ఓజ్’ నవలలో, 1900లో, డొరొతీ అనే పిల్ల తొడుక్కునే మాయ చెప్పులు వెండివి. 1939 సినిమాలో కెంపు రంగువి. అప్పట్లో టెక్నికలర్ అనే రంగుల సినిమా పద్ధతి ఒక కొత్త మోజు. పసుప్పచ్చ ఇటుకల దారి మీద వెండి తేలిపోతుంది, ఎరుపు మెరుస్తుంది. రంగు మారినందువల్ల కథకి వచ్చిన నష్టమేమీ లేదు. ఇప్పుడు ఆ చెప్పులంటే లోకానికంతా ఎర్రవే గుర్తు.

అన్ని మార్పులూ అంత తేలిగ్గా పోవు. ‘ది విచెస్’ నవలలో మంత్రగత్తెలకి గోళ్ళ బదులు పిల్లి గోళ్ళలాంటివి ఉంటాయి, అందుకే ఎప్పుడూ చేతి తొడుగులు వేసుకుంటారు. 2020 సినిమాలో ఆ చేతుల్ని మూడు వేళ్ళతో చూపించారు. పుట్టుకతో వేళ్ళు తక్కువగా ఉన్నవాళ్ళు బాధపడ్డారు. మా చేతుల్లాంటి చేతుల్ని చూసి పిల్లలు జడుసుకోవాలా అని అడిగారు. నిర్మాణ సంస్థ, ప్రధాన మంత్రగత్తెగా వేసిన యాన్ హాథవే ఇద్దరూ క్షమాపణ చెప్పారు. చూశారా, ముగింపు విషయంలో నవలకి కట్టుబడ్డ సినిమానే ఒక చేతి బొమ్మ దగ్గర కొత్త తప్పు చేసింది. పుస్తకంలో ఆ చేతిని ఒక్కో పిల్ల ఒక్కో రకంగా ఊహించుకుంటుంది. తెర మీద అందరికీ ఒకటే చెయ్యి.

ఇదే లోతుకి ఇంకొంచెం దిగితే మా పిల్లల తగువుకి కారణం దొరుకుతుంది. నవలలో కథ చెప్పేది పిల్లాడే, ‘నేను’ అని. ఎలుకైపోయాక కూడా ఆ ‘నేను’ మారదు. అదే గొంతు, అదే కొంటెతనం. పాఠకురాలు ఎలుక లోపల కూర్చుని బయటికి చూస్తోంది. తోక వచ్చింది, బాగానే ఉంది, పరిగెత్తడం ఇంకా బాగుంది. పోయిందేమీ లేదనిపిస్తుంది. సినిమాలో చూసేవాడు బయట కూర్చుని ఎలుకని చూస్తున్నాడు. గంట సేపు చూసిన పిల్లాడి మొహం పోయి గుప్పెడంత జంతువు మిగిలింది. ఆ మొహం తిరిగి రావాలని వాడు కోరుకోవడం సహజం. పుస్తకంలో సుఖాంతమైనది తెర మీద దుఃఖాంతంగా కనపడుతుంది, ఒక్క సంఘటన కూడా మారకుండానే.

2020 సినిమా దీన్ని గమనించిందనే నాకు అనిపిస్తుంది. అందులో కథ చెప్పేది పెద్దవాడైన ఆ ఎలుకే, క్రిస్ రాక్ గొంతుతో. గొంతు నిలబెట్టుకున్న సినిమా ముగింపునీ నిలబెట్టుకోగలిగింది.

ముగింపు మార్చడం తప్పా?

మార్చకూడదనేవాళ్ళ వాదన గట్టిదే. పిల్లలు అనుకున్నంత పిరికివాళ్ళు కారు, అవ్వా మనవడూ ఒకేసారి పోవడమనే ఆలోచనలో ఉన్న ఓదార్పు వాళ్ళకి అర్థమవుతుంది. చివర్లో ఒక మంచి మంత్రగత్తె వచ్చి అంతా సరిచేసిపోతే, అప్పటిదాకా పడ్డ భయానికి విలువ ఉండదు. మా పెద్దది దీన్నే తన మాటల్లో చెప్పింది: “అట్టయితే ఎలకని చెయ్యడం ఎందుకు?”

మార్చొచ్చనేవాళ్ళూ తేలిగ్గా తీసిపారేయాల్సినవాళ్ళు కారు. పుస్తకం భయమేస్తే మూసి దిండు కింద పెట్టొచ్చు, అమ్మ ఉన్నప్పుడు మళ్ళీ తీయొచ్చు. హాలు చీకట్లో ఆ వీలు లేదు. అక్షరాలు కూడబలుక్కుని నవల చదవగలిగే వయసు వేరు, అక్క పక్కన కూర్చుని సినిమా చూసేసే వయసు వేరు. ఆరేళ్ళవాడు కూడా వస్తాడని తెలిసి తీసేవాళ్ళు వాడి నిద్ర గురించి ఆలోచిస్తే అది పూర్తిగా వ్యాపారమే అనలేం. వ్యాపారం కూడా ఉందనుకోండి, ఏడుస్తూ బయటికొచ్చిన పిల్లలు రెండోసారి టికెట్టు కొనిపించరు.

ఈ వాదనకి మన దగ్గర ఒక పాత సాక్షి ఉన్నాడు. పదమూడో శతాబ్దంలో ఈ నెల్లూళ్ళోనే, మనుమసిద్ధి కాలంలో, తిక్కన భారతాన్ని విరాటపర్వం నుంచి చివరిదాకా పదిహేను పర్వాలు తెలుగు చేశాడు. సంస్కృతంలో ఏడొందల శ్లోకాల భగవద్గీతని కొద్ది పద్యాల్లో సరిపెట్టేశాడు. యుద్ధం మొదలవ్వాలి, కథ ఆగకూడదు. ఇంకోపక్క కీచకుడి కథలో మాటలూ చూపులూ ఎదురుగా నాటకం ఆడుతున్నట్టు పెంచి రాశాడు. ఆ కోతకి ఎవరూ తిక్కనని తప్పుపట్టలేదు.

మా బావది ఒంగోలు. ఈ మాట అంటే ఊరుకోడు, ఎర్రనని తెస్తాడు. అద్దంకి రెడ్డిరాజుల ఆస్థానకవి ఎర్రన, నన్నయ ఆపేసిన అరణ్యపర్వాన్ని అందుకుని, మొదట నన్నయలాగే రాస్తూ, నన్నయ రాజు పేరునే అంకితమిచ్చి పూర్తిచేశాడు. అతుకు కనపడనీయకపోవడం ఆయన పట్టుదల. కోసి, పెంచి తనది చేసుకునే తిక్కన పద్ధతి, తను కనపడకుండా మూలంలో కలిసిపోయే ఎర్రన పద్ధతి, రెండూ మనకి ఉన్నాయి. హ్యారీ పాటర్ అభిమానులు కోరుకునేది రెండోది.

వీటి రెండిటికీ లొంగనిది ఒకటుంది. తిక్కన విరాటపర్వంలో అభిమన్యుడికి ఉత్తరతో పెళ్ళవుతుంది. తెలుగు పిల్లల్ని అడగండి, అభిమన్యుడి పెళ్ళాం శశిరేఖ అంటారు. వ్యాసుడి భారతంలో ఆ పిల్లే లేదు. జనంలో తిరిగిన కథని 1957లో ‘మాయాబజార్’ తీసుకుని మన మనసుల్లో అచ్చువేసేసింది. అక్కడ మూలం ఎక్కడని ఎవరూ అడగలేదు, ఎందుకంటే ఆ కథకి ఒక అట్ట, ఒక రచయిత, ఒక చివరి పేజీ లేవు. పుస్తకంగా చేతిలో పట్టుకున్న కథ మారితేనే మనకి మోసపోయినట్టు అనిపిస్తుంది.

ఆ సాయంత్రం కరెంటు పోయినప్పుడు పెద్దది మిద్దె మీద చిన్నోడికి చివరి అధ్యాయం చదివి వినిపించింది, ఇంగ్లీషు చదివి, వెంటనే తెలుగులో చెబుతూ. అనుసరణే మరి. ‘గ్రాండ్‌మా’ అని ఉన్నచోటల్లా అమ్మమ్మ అంది. తొమ్మిదేళ్ళు అనే చోట వాడు ఆపమన్నాడు. కిందికి దిగివచ్చి, వంటింట్లో చేపలు తోముతున్న మా అమ్మని అడిగాడు, “అమ్మమ్మా, నీకు ఎన్నేళ్ళు?”

“డెబ్భై రెండు. ఎందుకబ్బయ్యా?”

వాడు ఏమీ చెప్పలేదు. వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంటూ గడప మీద కూర్చున్నాడు.